గోలి మింగి ఉపవాసం

మా అయ్యగారికి షుగరు ఉందని సంఘంలో అందరికంటే ముందు తెలిసింది నాకు. అందరికంటే ఆలస్యంగా నోరు తెరిచింది కూడా నేనే. ఈ రెండో మాట రాయడం నాకు ఇష్టం లేదు. కాని అది దాచిపెట్టి మిగతాది రాస్తే ఊరివాళ్ల మీద చాడీ చెప్పినట్టు ఉంటుంది. తప్పులో నా వాటా ముందు రాసి, తర్వాత వాళ్ల సంగతి చెబుతాను.

పాస్టరును మేం అయ్యగారు అంటాం. మాది మానుకోట నుంచి గంగారం పోయే తోవలో ఒక ఊరు. కాగితాల మీద మహబూబాబాద్ జిల్లా అని ఉంటుంది గాని మా నోటికి మానుకోటే వస్తుంది. రేకుల మందిరం, అరవై ఇళ్ల సంఘం. ఊరికి ఆనుకొని రెండు తండాలు ఉన్నాయి. తండావాళ్లు మా సంఘం వాళ్లు కారు, వాళ్ల దేవుళ్లు, వాళ్ల పండుగలు వాళ్లకున్నాయి. అయినా బిడ్డకు జ్వరం వస్తేనో, బర్రె పాలివ్వకపోతేనో అయ్యగారి దగ్గరికి వస్తారు. ఆయన వాళ్లకూ ప్రార్థన చేస్తాడు. ఎవరు పిలిచినా పోతాడు. ఆ గుణాన్ని చూసి మేం సంతోషపడ్డాం గాని అది మనిషిని ఏం చేస్తుందో ఆలోచించలేదు.

నేను సంఘ పెద్దను. ఆదివారం ముందు వరుసలో కుర్చీ వేస్తారు. పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని అయ్యగారి ముఖాన్నే చూశాను. ఆ ముఖం నల్లబడిందని, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోందని మాత్రం నాకు కనబడలేదు. ప్రసంగం ఎంత సేపు చెప్పాడు, గొంతు ఎంత పైకి పోయింది, ఇవే చూశాను.

నాకు చదువు నలభై దాటాక వచ్చింది. చిన్నప్పుడు పటేలు ఇంట్లో పశువులు కాస్తూ జీతం ఉన్నాను. పెద్దయ్యాక బావులు తవ్వాను. గడ్డపార పట్టిన వేళ్లకు పెన్సిలు ఆనేది కాదు, విరిగిపోయేది. మునుపటి అయ్యగారి భార్య మందిరం అరుగు మీద ఇసుక పోసి, ముందు వేలితో రాయమన్నది. రెండేళ్లు పట్టింది. ఒక రోజు పాటల పుస్తకంలో ఒక లైను ఎవరి సాయం లేకుండా చదివాను. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు, ఆ పుస్తకం పట్టుకునే కూర్చున్నాను.

చదువు వచ్చిందని సంఘం నాకు ఒక పని ఇచ్చింది. ఎవరి ఇంట్లో ఏ రోజు ప్రార్థన పెట్టుకోవాలో నోటుబుక్కులో రాసే పని అది. ఆదివారం ఆరాధన అయిపోగానే నా కుర్చీ చుట్టూ మూగేవాళ్లు. "బాపూ, మంగళారం మాది రాయి." "కొత్త బండి తెచ్చిండు మా పిలగాడు, బుధారం రాయి." నేను ముక్కు మీద కళ్లద్దాలు పెట్టుకుని, నాలుక బయటికి పెట్టి, గుండ్రంగా రాసేవాణ్ణి. పుస్తకంలో ఒక్క గీత ఖాళీగా ఉన్నా నా మనసు ఆగేది కాదు. ఖాళీ కాగితమంటే చదువు రానివాడి కాగితమని నా లోపల ఎక్కడో పడిపోయింది. గురువారం సాయంత్రం ఖాళీ ఉందనుకోండి, నేనే పిలిచి అడిగేవాణ్ణి: "నీ బర్రె ఈనింది గదా, ప్రార్థన పెట్టుకోవా?" పెట్టుకునేవాళ్లు. గీత నిండేది. ఆ గీత మీద ఒక మనిషి నడవాలని, నిలబడాలని, గొంతెత్తాలని నాకు తోచలేదు.

ఇంటి ప్రార్థన అంటే ప్రార్థనతో పోదు. అయ్యగారు వస్తున్నాడంటే చాయ్ పెడతారు. ఆయనకు పోసే చాయ్‌లో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేస్తారు. మా దగ్గర మర్యాదకు అదే కొలత. వద్దంటే నొచ్చుకుంటారు. ఎందుకు నొచ్చుకుంటారో బయటివాళ్లకు తెలియదు, నాకు తెలుసు. మా తాతల కాలం నుంచి మా వాడకట్టు ఇళ్లలో ఎవరూ నీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. నేను జీతం ఉన్న ఇంట్లో నాకు వేరే సత్తు గిన్నె ఉండేది, పశువుల కొట్టం చూరులో దోపి పెట్టేవాళ్లు. అట్లా బతికిన మా ఇళ్లకు ఒక మనిషి తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, మా కుర్చీలో కూర్చుని, మా కప్పులో తాగుతాడు. ఆయన వద్దంటే మా గుండెలో పాత దెబ్బే తగులుతుంది. అయ్యగారు కూడా మా లాంటి ఇంట్లోనే పుట్టాడు కాబట్టి ఆయనకూ ఇది తెలుసు. అందుకే ఎన్నడూ వద్దనలేదు. రోజుకు ఐదు కప్పులు, ఆరు కప్పులు. పెట్టిన చోట అన్నం, కోడి కూర.

ఇక శుక్రవారం ఉపవాస కూటం. పొద్దున పది నుంచి మూడు దాకా పచ్చి నీళ్లు కూడా ముట్టకుండా ప్రార్థన. పిల్లతల్లులు మధ్యలో లేచిపోవచ్చు, ముసలివాళ్లు నీళ్లు తాగొచ్చు. అయ్యగారికి మాత్రం ఏ మినహాయింపూ లేదు. ఉన్నట్టు ఎవరూ ఎక్కడా రాయలేదు, లేనట్టూ రాయలేదు. మేమే అనుకున్నాం.

ఒక రోజు నేను కళ్లు చూపించుకుందామని మానుకోట పోయాను. నా కళ్ల డాక్టరు పక్కనే ఇంకో డాక్టరు దగ్గర బల్ల మీద ఒకాయన తలకు తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. చెప్పులు చూసి గుర్తుపట్టాను. ఎడమ చెప్పు పట్టీ నేనే కుట్టించి ఇచ్చాను. దగ్గరికి పోయి తువ్వాల పక్కకు లాగాను. అయ్యగారు నన్ను చూసి, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన పిల్లాడిలా నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పాడు. మూడేళ్లుగా షుగరు ఉందట. డాక్టరు గోలీలు రాశాడట, వేళకు తినమన్నాడట, గోలి మింగి కడుపు మాడ్చుకుంటే షుగరు మరీ దిగిపోయి పడిపోతావని, అప్పుడు వెంటనే తీపి ఏదన్నా తాగాలని కూడా చెప్పాడట. అమ్మగారికి, అంటే ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదట.

"బాపూ, గిది మన నడుమనే ఉండాలె" అన్నాడు.

ఎందుకని అడిగాను.

"నేను నూనె రాసి ప్రార్థన చేస్తే జ్వరం తగ్గిందని ఆదివారం పది మంది లేచి సాక్ష్యం చెప్తరు. గసొంటి నేనే గోలీలు మింగుతున్ననంటే వాళ్ల నమ్మకం ఏం గావాలె?"

"వాళ్ల నమ్మకం సంగతి గట్లుండనీ. నువ్వేం గావాలె?"

నా చెయ్యి పట్టుకున్నాడు. నేను సరే అన్నాను. నిజం రాస్తున్నాను: ఆ సరే అన్నది జాలితో మాత్రమే కాదు. అరవై ఇళ్ల సంఘంలో అయ్యగారి రహస్యం నా ఒక్కడి దగ్గర ఉందని ఛాతీ కొంచెం ఉబ్బింది. ఆ ఉబ్బుతోనే నేను ఏడాదిన్నర నోరు మూసుకున్నాను. ఆదివారం వస్తే మళ్లీ నోటుబుక్కు తెరిచి అన్ని గీతలూ నింపాను.

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం అందరం పంచుకునే ఆరాధన. దానికి ద్రాక్షరసం నా భార్యే కాస్తుంది. నల్ల ద్రాక్షలు తెచ్చి, ఉడకబెట్టి, గుడ్డతో వడకట్టి, సీసాలో పోసి మందిరం వెనక గదిలో అలమారలో పెడుతుంది. ఆ నెల శుక్రవారమే పెట్టింది. ఆ రోజే కూటంలో రెండు గంటలు దాటాక అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆపి, స్త్రీలను పాడమని చెప్పి వెనక గదిలోకి పోయాడు. పాట అయిపోయింది, ఇంకొకటి మొదలైంది. ఆయన రాలేదు. స్త్రీల కూటం పెద్దామె నాకు వరుసకు వదిన అవుతుంది. నూనె సీసా తెద్దామని ఆమె ఆ గదిలోకి పోయింది. పోయినంత వేగంగా తిరిగి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన చోట కూర్చుంది.

ఆమె చూసిందేమిటో శనివారం పొద్దునకు ఊరంతా తెలిసింది. అయ్యగారు నేల మీద కూర్చుని, చొక్కా అంతా తడిసిపోయి, బల్ల కోసం పెట్టిన ద్రాక్షరసం సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడట.

శనివారం మధ్యాహ్నమే పెద్దలం ఆరుగురం మందిరంలో కూర్చున్నాం. అయ్యగారిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆ స్టూలు పిల్లలు పండుగ నాడు బెలూన్లు కట్టడానికి ఎక్కేది. మా సెక్రటరీ సారు, రిటైరైన బడి పంతులు, కాగితం తీసి మొదలుపెట్టాడు. ఉపవాసం విడవడం ఒక తప్పు, బల్లకు ప్రత్యేకించింది ముట్టడం ఇంకో తప్పు, రెంటికీ విడివిడిగా జవాబు కావాలన్నాడు. సారుకు అంతా ప్రశ్నపత్రంలా కనిపిస్తుంది. ఒకాయన, మనసులో పెట్టుకోకండి అయ్యగారూ అంటూనే, జనగామకు కాగితం రాసి వేరే మనిషిని పంపమని అడుగుదామన్నాడు. మా సంఘాల పైన ఉండే పెద్దయ్యగారు జనగామలో ఉంటాడు. పాస్టర్లను వేసేదీ, తీసేదీ ఆయనే. అంటే అయ్యగారికి ఇల్లు, పిల్లల బడి, అన్నీ ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

అయ్యగారు తల దించుకుని, "తప్పు నాదే. దూప అయింది, తాగిన" అన్నాడు.

అబద్ధం. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. నేను చాప మీద దారం పీకుతూ కూర్చున్నాను. ఆ దారం పీకిన నిమిషాలు నాకు ఇప్పటికీ సిగ్గు. సారు కాగితం మీద దూప, అంటే దాహం, అని రాసుకుంటున్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ మంట వాళ్ల మీదో, నా మీదో చెప్పలేను.

"దూప కాదు" అన్నాను. "ఆయనకు షుగరున్నది. పొద్దుగాల గోలి మింగి, కడుపు మాడ్చుకొని మీ కోసం మొత్తుకుంటుండు. గా రసం తాగకపోతే నిన్న మందిరంలనే పడిపోతుండె. గప్పుడు గీ కాగితం మీద ఏం రాసుకుందువు సారూ?"

తలుపు దగ్గర నిలబడి వింటున్న వదిన లోపలికి వచ్చింది. ఆమె పెద్దల కూటంలోకి రావడం అదే మొదటిసారి, ఎవరూ వద్దనలేదు. "నేను వారం వారం నాలుగు చెంచాల చక్కెర పోసిచ్చిన గద అయ్యగారూ" అని ఏడ్చింది. "ఒక్కసారన్నా వద్దనకపోతివి."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. నా ఆశ ఎంతసేపు నిలిచిందో చెప్పనా? సారు గొంతు సవరించుకునే వరకు.

ముందు ఆయన నొచ్చుకున్నాడు. మాకు ఎందుకు చెప్పలేదు, మేం పరాయివాళ్లమా అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ నొచ్చుకున్నారు. జబ్బు అయ్యగారిదైతే అలక వీళ్లదయింది. ఆ నొచ్చుకోవడం అంతా అయ్యాక, వేరే మనిషిని అడుగుదామన్న పెద్దమనిషే మెత్తబడి, అయ్యగారి ఆరోగ్యం కోసం సంఘమంతా ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుందామన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. సారు కాగితం తిప్పి వెనక వైపు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"నడిపించేదెవరు?" అని అడిగాను.

"ఇంకెవరు బాపూ, అయ్యగారే" అన్నారు.

"ఆయన తిండి తినక పడిపోతుంటే, ఆయన బాగుపడాలని ఆయనతోనే ఉపవాసం పట్టిస్తరా? మీకు జరంత తెలివున్నదా?"

సారు నన్ను చూసి, విశ్వాసం లేనివాళ్లు అట్లాగే మాట్లాడతారు అన్నాడు. నలభై ఏళ్లకు అక్షరాలు దిద్దినవాళ్లకు వాక్యం లోతు అందదని కూడా అన్నాడు. అన్నది మెల్లగానే, కాని అందరికీ వినబడేట్టే. నేను దానికి బాధపడలేదు. నన్ను కోసింది వేరే మాట. స్టూలు మీద కూర్చున్న ఆ మనిషి తలెత్తి, "సరే, నేనే నడిపిస్త" అన్నాడు.

సరే అన్నాడు. తన గొంతు మీద తనే కాలు వేసుకునే మనిషిని ఎట్లా లేవదీస్తారు?

రెండు రోజుల తర్వాత నేను రైలెక్కి జనగామ పోయాను. కాజీపేట దాకా నిలబడే పోయాను, మోకాళ్లు పట్టేశాయి. పెద్దయ్యగారి కింద జనగామ నుంచి భూపాలపల్లి అవతల కాటారం దాకా సంఘాలున్నాయి. ఆయన ఒక్క మాట రాస్తే మా పెద్దలు కిక్కురుమనరు. అంత నమ్మకంతో పోయాను. ఆయన మంచాన నడుం వాల్చి ఉన్నాడు. లేచి కూర్చుని నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. విని, పక్కనున్న తన వాక్య గ్రంథం తీసి, దాని జిప్పు కవరు తెరిచి చూపించాడు. గ్రంథానికి, కవరుకు మధ్య గోలీల అట్టలు. తెల్లవి, ఎర్రవి, సగం కత్తిరించినవి.

"గివి బీపీవి, గివి షుగర్‌వి, గివి నిద్రకు" అన్నాడు. "నా కింద గోలి మింగని పాస్టరు ఎవడున్నడో నాకే ఎరుక లేదు పెద్దాయనా."

"మరి మీరన్న బయటికి చెప్పొచ్చు గద. మీరు చెప్తే మా అయ్యగారు చెప్పేటందుకు తొవ్వ దొరుకుతది."

"నేను చెప్తే నన్ను కూసోబెడ్తరు. కొత్తోణ్ణి తెచ్చుకుంటరు."

ఆయన చెడ్డవాడు కాదు. నాకు అన్నం పెట్టించాడు, పక్కన కూర్చుని కూర తానే వడ్డించాడు. మా అయ్యగారి కోసం ప్రార్థించమని అన్ని సంఘాలకూ కబురు పంపుతానన్నాడు. ఒక నెల సెలవు ఇవ్వమని అడిగితే, పాస్టరుకు సెలవు అనే మాట ఎక్కడా లేదన్నాడు. లేకుంటే ఇప్పుడు పెట్టండి అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూసి కంచం పక్కకు జరిపాను. తిరుగు రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది గాని బయట ఏం పోయిందో చూడలేదు. బావి తవ్వేటప్పుడు లోపలివాడి కాళ్ల కింద మట్టి జారితే పైనున్నవాళ్లు తాడు లాగుతారు. ఇక్కడ పైనున్నవాడే ఇంకో బావిలో ఉన్నాడు.

ఉపవాసాలు మొదలయ్యాయి. మొదటి శుక్రవారం నా భార్యతో జొన్న రొట్టెలు, పప్పు టిఫిను డబ్బాలో కట్టించుకుని మందిరానికి పోయాను. పిచ్చి లేచిందా అని ఆమె అడిగింది. లేచింది అన్నాను. పన్నెండున్నరకు, ప్రార్థన మంచి ఊపులో ఉండగా, ముందు వరుసలో నా కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీశాను. పప్పులో వెల్లుల్లి పోపు. వాసన వెనక గోడ దాకా పోయింది. ఒక్కొక్క కన్ను తెరుచుకుంది.

"నాకు డెబ్బై దాటినయ్" అన్నాను, నోట్లో ముద్దతోనే. "ఆకలైతుంది, తింటున్న. ఆకలైనోళ్లు రాండ్రి. అయ్యగారూ, మీరు సుత రాండ్రి."

ఒక్కరూ లేవలేదు. వెనక ఎవరో ముసలోడికి చాదస్తం వచ్చింది అన్నారు, ఇద్దరు ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. సారు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. అయ్యగారి పెదాలు ఎండి, తెల్లగా ఉన్నాయి. ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, బతిమాలుతున్నట్టు. నేను నమలడం ఆపలేదు. ఆ ముద్ద గడ్డిలాగే ఉంది గాని ఆపితే ఓడిపోతాను.

అప్పుడు అమ్మగారు లేచింది. ఆమె ఆ మందిరంలో పదకొండేళ్లు వెనక వరుసలో పిల్లలను సముదాయిస్తూ కూర్చుంది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. నా దగ్గరికి వచ్చి, అడగకుండా డబ్బాలోంచి రొట్టె తీసుకుని, ఆయన ముందు నిలబడి చేతిలో పెట్టింది.

"తిను" అన్నది. "తినకుంటే రేపు పొద్దుగాల బస్సుకు మా తల్లిగారింటికి చిట్యాలకు పోత. నేను ముండమోసేదాకా ఈడ కూసోను."

అయ్యగారు రొట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సంఘాన్ని చూశాడు, ఆమెను చూశాడు. తినలేదు. రొట్టె మెల్లగా బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, ప్రార్థన కొనసాగిద్దాం అన్నాడు. నేను డబ్బా మూత పెట్టి బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చి నా భార్య మీద అరిచాను. ఆమె ఏం చేసిందని.

మరునాడు పొద్దున నేను ఎడ్లను తోలుకుని పొలానికి పోతుంటే బస్సు ఆగే చోట అమ్మగారు, ఇద్దరు పిల్లలు, రెండు సంచులు కనిపించాయి. వాళ్లకు పది అడుగుల దూరంలో, ఎవరి కోసమో నిలబడ్డట్టు, అయ్యగారు. బస్సు వచ్చింది. ఆమె పిల్లలను ఎక్కించి, సంచులు ఎక్కించి, తను మెట్టు మీద నిలబడింది. వెనక్కి తిరగలేదు, పిలవలేదు. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలాక ఆయన పరుగెత్తి ఎక్కాడు. షుగరుకు అరికాళ్లు మంటలు పుట్టే మనిషి అట్లా పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ పరుగు చూసి నాకు ఎంత సంతోషమైందో, ఎడ్లను తోలడం కూడా మరిచిపోయాను.

ఆ సంగతి జరిగి అయిదు వారాలు. చిట్యాలలో అత్తగారింట్లో ఉన్నాడు. వేళకు తింటున్నాడట. పొద్దున చెరువు కట్ట మీద నడుస్తున్నాడట.

ఇక్కడ మా సంఘం సంగతి వినండి. మొదటి వారం అయ్యగారు పారిపోయాడు అన్నారు. రెండో వారం అమ్మగారు ఎత్తుకుపోయింది అన్నారు. మూడో వారం తొమ్మిది ఇళ్లవాళ్లు మూడు దారుల దగ్గర కొత్తగా పెట్టిన మందిరానికి పోవడం మొదలుపెట్టారు. అక్కడి పాస్టరు కుర్రవాడు, గొంతు బాగుంటుంది, రోజుకు ఎనిమిది ఇళ్లు తిరుగుతాడట. విని నాకు ఆ కుర్రవాడి మీద జాలి కలిగింది. ఆదివారం వాక్యం నేనే చదువుతున్నాను, వేలు పెట్టుకుని, ఒక్కొక్క మాట. నేను పేజీ పూర్తిచేసే లోపల పిల్లలు నిద్రపోతున్నారు. సారు ప్రసంగం చెబుతున్నాడు. పెద్దలు నిద్రపోతున్నారు. ఇళ్ల ప్రార్థనలు సారు, నేను, వదిన పంచుకున్నాం. నాలుగు ఇళ్లు తిరిగేసరికి సారు గొంతు పోయింది. ఇదెట్ల చేసిండు బాపూ ఇన్నేండ్లు అని నన్ను అడిగాడు. అది అడిగిన రోజు ఆయన మీద నా కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

అందరూ నన్ను అడుగుతున్నారు. దారిలో, కిరాణా కొట్టు దగ్గర, పొలం గట్టు మీద. కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టేది ఉందట, అయ్యగారు ఎప్పుడొస్తాడు? బిడ్డకు సంబంధం వచ్చిందట, ఎప్పుడొస్తాడు? తండా నుంచి ఒకతను బోరు పాయింటు చూపించి ప్రార్థన చేయించుకుని గాని వేయనంటున్నాడు, ఎప్పుడొస్తాడు? ఆయన రాకపోతే ఊరంతా ఆగిపోయినట్టే మాట్లాడుతున్నారు.

పోయిన వారం అయ్యగారే ఫోను చేశాడు. గొంతు బాగుంది. చాలా రోజులకు నిద్రపోయిన మనిషి గొంతు.

"బాపూ, ఈ ఆదివారం వద్దామనుకుంటున్న" అన్నాడు. "కూసుంటే తప్పు చేసినట్టే ఉన్నది. ఎవరన్న అడుగుతున్నరా నా గురించి?"

పక్కనే అమ్మగారు వింటున్నట్టుంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అందరూ నీ ఆరోగ్యమే అడుగుతున్నారని అబద్ధం చెబితే వస్తాడు. మెత్తగా చెప్పినా వస్తాడు. నాకు మెత్తగా చెప్పడం ఎట్లాగూ రాదు.

"అడుగుతున్నరు. మస్తు మంది అడుగుతున్నరు" అన్నాను. "ఎప్పుడొస్తవని అడుగుతున్నరు. ఎట్లున్నవని ఒక్కలు అడగలే. పాణం ఎట్లున్నది, తింటున్నడా, అని ఒక్క మనిషి అడిగిన్నాడు నేనే ఫోను జేస్త. గప్పటిదాంక రాకు."

ఆ మాట ఆయనకు ఎంత తగిలిందో నాకు తెలుసు. పదకొండేళ్లు ఆ అరవై ఇళ్లలో చావుకూ పుట్టుకకూ నిలబడిన మనిషి. ఇంకొకరైతే ఇట్లా చెప్పేవాళ్లు కారేమో. చివరికి, "సరే బాపూ" అన్నాడు. ఈసారి ఆ సరే వినడానికి బాగుంది.

నేను ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. చెబితే రేపు పొద్దున్నే మా వాకిట్లో వరుస కట్టి అందరూ అడుగుతారు, అయ్యగారు ఎట్లున్నడు బాపూ అని, ఒకరి తర్వాత ఒకరు. ఆ అడగడం నాకు వద్దు. ఎవరూ నేర్పకుండా ఒక్కరు అడగాలి.

ఫోను మాట్లాడి ఎనిమిది రోజులైంది. నేనింకా ఆయనకు ఫోను చేయలేదు.